ఆవిరి పట్టే యంత్రం: వాడే తీరు, కాపాడుకునే తీరు

ధనుర్మాసం ప్రవేశించిందంటే సరిహద్దు పల్లెలలో వేకువ మంచుతో పాటు పడిసెం, దగ్గు, ముక్కు దిబ్బడ కూడా ఇంటింటి తలుపు తడతాయి. భోగినాడు పాత సామానుతో పాటు టైర్లు, ప్లాస్టిక్కు తగులబెట్టే చోట ఆ పొగ తోడై గొంతులు మరింత పూడుకుపోతాయి. పూర్వం ఇటువంటి వేళ పెద్దలు వావిలాకు, తులసి ఆకు, చిటికెడు పసుపు వేసి కుండలో నీరు మరిగించి, దుప్పటి కప్పుకొని ఆవిరి పట్టేవారు. నేడు ఆ కుండ స్థానాన్ని గోడ ప్లగ్గుకు తగిలించే చిన్న ప్లాస్టిక్ యంత్రం ఆక్రమించింది.

తడ, సూళ్ళూరుపేట, సత్యవేడు, నాగలాపురం, నగరి ప్రాంతాల వారికి పెద్ద బజారు అంటే చెన్నపట్నమే. వైద్యానికో, పెళ్ళి బట్టలకో, కాలేజీలో చదివే పిల్లలను చూడడానికో వెళ్ళినవారు తిరుగు ప్రయాణంలో ప్యారిస్ వీధులలోనో, టీ నగర్ రంగనాథన్ వీధిలోనో ఈ యంత్రాన్ని కొని సంచిలో వేసుకొని వస్తుంటారు. దానితో వచ్చే కాగితం చాలావరకు ఆంగ్లంలో, చీమ తలకాయలంత అక్షరాలలో ఉంటుంది. చదివేవారు అరుదు. యంత్రం చిన్నదే అయినా అందులో విద్యుత్తు, నీరు, మరిగే వేడి మూడూ ఒకే గిన్నెలో కలుస్తాయి. తెలిసి వాడితే ఉపశమనం, తెలియక వాడితే ప్రమాదం. కనుక దాని పనితీరు, వాడుక, శుభ్రత గురించి ఇంటిల్లిపాదీ తెలుసుకోవడం అవసరం.

మూడు యంత్రాలు, మూడు పనులు

మొదట తొలగవలసినది పేర్ల గందరగోళం. ప్లగ్గుకు పెట్టి ఆవిరి తెప్పించే యంత్రాన్ని కొందరు వేపొరైజర్ అంటారు, కొందరు స్టీమర్ అంటారు. ఇది కేవలం నీటిని మరిగించి ఆ ఆవిరిని మూతి ద్వారా పైకి పంపుతుంది.

నెబ్యులైజర్ వేరు. అది నీటిని మరిగించదు. ఉబ్బసం ఉన్నవారికి వైద్యుడు రాసిన ద్రవ ఔషధాన్ని గాలి ఒత్తిడితోనో, కంపనంతోనో అతి సన్నని తుంపరలుగా మార్చి ఊపిరితిత్తులకు చేరుస్తుంది. ఆ ఔషధాన్ని ఆవిరి యంత్రంలో పోసి మరిగిస్తే రోగికి ఔషధం అందదు, ఆయాసం తగ్గదు, విలువైన కాలం మాత్రం గడిచిపోతుంది. అలాగే నీలగిరి తైలాన్ని నెబ్యులైజర్‌లో వేయడం మరింత ప్రమాదకరం. నూనె తుంపరలు ఊపిరితిత్తులలో చేరితే అక్కడ వాపు, న్యుమోనియా కలిగే అవకాశం ఉంది.

మూడవది దోమల మందు సీసా తగిలించే చిన్న ప్లగ్గు యంత్రం. ఖాళీ అయిన సీసాలో వేపనూనె, కర్పూరం కలిపి పోసి మూలికా యంత్రంగా వాడుకోవచ్చన్న చిట్కా రెండు రాష్ట్రాలలోనూ ప్రచారంలో ఉంది. ఆ యంత్రం, ఆ వత్తి తయారైనది పలుచని మందు ద్రవం కోసం. చిక్కని వేపనూనె వత్తిని మూసివేస్తుంది, మాడి పొగ వస్తుంది. కర్పూరం తేలికగా అంటుకునే పదార్థం. గాలి ఆడని గదిలో రాత్రంతా ఆ పొగ పీల్చడం పసిపిల్లలకు మంచిది కాదు. దోమతెర దీనికంటె మేలు, ఖర్చూ తక్కువ. ఇకపై ఈ వ్యాసంలో ఆవిరి యంత్రమంటే మొదటి రకమే.

నీరు మరిగే రెండు విధాలు

బజారులో దొరికే ఆవిరి యంత్రాలు లోపలి నిర్మాణాన్ని బట్టి రెండు రకాలు. తమ ఇంట ఉన్నది ఏ రకమో తెలుసుకోవడమే భద్రతకు తొలి మెట్టు.

మొదటి రకంలో వేడి తీగ ఉంటుంది. గిన్నె అడుగున లోహపు పలక కింద ఆ తీగ దాగి ఉండి, పలకను వేడి చేస్తుంది, పలక నీటిని మరిగిస్తుంది. ఇస్త్రీ పెట్టె పనిచేసే సూత్రమే ఇది. ఇందులో నీరు ఉప్పగా ఉన్నా, చప్పగా ఉన్నా ఒకే తీరున మరుగుతుంది. అయితే నీరు ఇంకిపోయిన తరువాత కూడా వేడి ఆగదు. తనంతట తాను ఆగే ఏర్పాటు లేని యంత్రమైతే పలక మాడి, ప్లాస్టిక్ కరిగి, వైర్లు అంటుకునే ముప్పు ఉంది.

రెండవ రకంలో తీగ ఉండదు. నీటిలోకి దిగే గొట్టంలో రెండు పలకలో, రెండు కడ్డీలో కొద్ది ఎడంతో ఎదురెదురుగా ఉంటాయి. విద్యుత్తు ఒక పలక నుండి రెండవ పలకకు నీటి ద్వారానే ప్రవహిస్తుంది. ఆ ప్రవాహానికి నీరే వేడెక్కి మరుగుతుంది. నీటి మట్టం పలకల కంటె కిందికి దిగగానే ప్రవాహం తెగిపోయి యంత్రం ఆగుతుంది. ఇది దీని సుగుణం. కాని గృహిణులు మరువరాని విషయం ఒకటుంది. ఈ రకంలో ప్లగ్గు ఉన్నంతసేపూ గిన్నెలోని నీరు కరెంటు తీగ వంటిదే. అందులో వేలు ముంచినా, చెంచా పెట్టినా ప్రాణాపాయం. స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు ఊడదీసిన తరువాతనే మూత ముట్టాలి. రెండు కాళ్ళ ప్లగ్గును తిరగేసి పెట్టినప్పుడు, లేదా ఇంటి వైరింగులో పొరపాటు ఉన్నప్పుడు స్విచ్చి ఆపినా తీగలో కరెంటు మిగిలి ఉండవచ్చు.

గుర్తించడం ఎలా? నీటిలో చిటికెడు ఉప్పు వేయమని కాగితంపై ఉంటే అది దాదాపుగా పలకల రకమే.

చెన్నై నీరు, పల్లె నీరు

చెన్నైలో చక్కగా పనిచేసిన యంత్రం ఊరికి తెచ్చాక ఆవిరి రావడం లేదనో, లేక ఉడుకు నీరు చిమ్ముతున్నదనో పలువురు ఫిర్యాదు చేస్తుంటారు. లోపం యంత్రంలో ఉండకపోవచ్చు, నీటిలో ఉండవచ్చు.

పలకల రకం యంత్రానికి నీటిలో కరిగిన లవణాలే ఆధారం. లవణం తక్కువైతే విద్యుత్తు తక్కువ ప్రవహించి నీరు ఆలస్యంగా మరుగుతుంది. లవణం ఎక్కువైతే ప్రవాహం మితిమీరి నీరు ఒక్కసారిగా పొంగి మూతి గుండా చిమ్ముతుంది, ఫ్యూజు కూడా ఎగిరిపోవచ్చు. చెన్నైలోనే తీరాన ఉన్న పేటల బోరు నీటికి, కండలేరు నుండి తెలుగుగంగ కాలువ గుండా పూండి చేరే కృష్ణా నీటికి, ఇరవై లీటర్ల క్యానులో వచ్చే శుద్ధి చేసిన నీటికి ఎంతో తేడా ఉంటుంది. క్యాను నీటిలో లవణాలు చాలా తక్కువ. అది పోస్తే పలకల రకం యంత్రం మొరాయిస్తుంది. మీంజూరు చుట్టుపక్కల భూగర్భ జలాలలోకి సముద్రపు నీరు చొరబడిన సంగతి ప్రసిద్ధం. పులికాటు ఒడ్డు గ్రామాలలోని ఉప్పు బావుల నీరు కూడా అటువంటిదే. ఆ నీరు పోసి, పైపెచ్చు కాగితంలో ఉన్నదని ఉప్పు కూడా కలిపితే చేజేతులా ప్రమాదాన్ని పిలిచినట్లే.

పాటించవలసిన పద్ధతి సులభం. మొదట ఉప్పు లేకుండా తాగునీరు పోసి అయిదు నిమిషాలు చూడాలి. ఆవిరి రాకపోతే ప్లగ్గు ఊడదీసి, రెండు వేళ్ళ మధ్య పట్టే కొన్ని ఉప్పు పలుకులు మాత్రమే వేసి కలిపి, మూత బిగించి, మళ్ళీ ప్లగ్గు పెట్టాలి. తీగ రకం యంత్రంలో ఉప్పు ఎన్నడూ వేయరాదు. దానివల్ల వేడి పెరగదు సరికదా పలక తుప్పు పట్టి పాడవుతుంది.

పల్లెలలో మరొక చిక్కు వోల్టేజి. 230 వోల్టులు రావలసిన చోట రాత్రివేళ 180 మాత్రమే వస్తే వేడి అయిదవ వంతు తగ్గుతుందని తోచవచ్చు. కాని తగ్గేది అంతకంటె ఎక్కువ. వోల్టేజి వర్గాన్ని అనుసరించి వేడి మారుతుంది కనుక ఉండవలసిన దానిలో సుమారు 60 శాతం మాత్రమే మిగులుతుంది. ఆవిరి రావడం లేదని అప్పుడు ఉప్పు పెంచితే, వోల్టేజి తిరిగి కోలుకున్న క్షణంలో నీరు భగ్గున పొంగుతుంది. ఓపిక పట్టడమే మార్గం.

నీరు ఎంత, సేపు ఎంత?

ఇందుకు చిన్న లెక్క చాలు. యంత్రంపై 400 వాట్లు అని ఉన్నదనుకుందాం. అందులో 100 మిల్లీలీటర్లు, అంటే చిన్న టీ గ్లాసెడు నీరు పోస్తే, 30 డిగ్రీల నుండి మరిగే స్థితికి రావడానికి నిమిషంపావు పడుతుంది. ఆ నీరంతా ఆవిరై పోవడానికి మరో తొమ్మిది నిమిషాలకు పైగా పడుతుంది. గిన్నె వేడెక్కడం, గాలికి పోయే వేడి కలుపుకొంటే మరికొంత అదనం. అంటే ఒక పూట ఆవిరికి టీ గ్లాసెడు నీరు సరిపోతుంది. పది నిమిషాలకు విద్యుత్తు ఖర్చు యూనిట్‌లో పదిహేనవ వంతు మాత్రమే.

ఈ లెక్క మరొక సంగతి చెబుతుంది. తీగ రకం యంత్రంలో అంత నీరే పోసి, పని మీద లోపలికి వెళ్ళి, పావుగంట మరచిపోతే అడుగంటడం ఖాయం. అందువల్ల గిన్నెపై ఉన్న కనిష్ఠ, గరిష్ఠ గీతల నడుమ నీరు పోసి, యంత్రం నడుస్తున్నంతసేపూ ఎవరో ఒకరు దగ్గర ఉండాలి. గరిష్ఠ గీత దాటితే మరిగే నీరే మూతి నుండి ముఖంపై చిమ్ముతుంది.

ఆకులు, తైలాలు, బామ్‌లు

మూలికల ఆవిరి మన ప్రాంతానికి కొత్త కాదు. చరక సంహిత స్వేదాధ్యాయం పదమూడు విధాల స్వేదాలను పేర్కొన్నది. గొట్టం ద్వారా ఆవిరిని పంపే నాడీ స్వేదం వాటిలో ఒకటి. సిద్ధ వైద్యంలో దీనినే వేదు అంటారు. తమిళులు నొచ్చి అనేదే మన వావిలి, వారి కర్పూరవల్లి మన వాము ఆకు. ఆవి పిడిత్తల్ అన్నా, ఆవిరి పట్టడమన్నా మాట కూడా దాదాపు ఒకటే. చెన్నై పార్క్ టౌన్ రాసప్ప చెట్టి వీధిలోని నాటు మందుల దుకాణాలలో ఈ ఎండాకులన్నీ నేటికీ దొరుకుతాయి.

నీలగిరి తైలం కథ వేరు. ఆ చెట్టు ఆస్ట్రేలియాది. 1843 ప్రాంతంలో నీలగిరి కొండలపై నాటిన తరువాత ఆ కొండల పేరే తైలానికి స్థిరపడింది. మన పొలాల గట్ల మీది జామాయిల్ చెట్లు దాని బంధువులే. ఇక పసుపుపచ్చని నొప్పుల బామ్ అనగానే తెలుగువారికి గుర్తొచ్చేది అమృతాంజనం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో దీనిని ప్రారంభించారు. 1914లో ఆంధ్రపత్రికను దినపత్రికగా వెలువరిస్తూ మద్రాసుకు తరలివచ్చారు. మైలాపూరులోని ఆయన పేరిటి ఉద్యానవనం నేటికీ చెన్నైలో తెలుగువారి జ్ఞాపకంగా నిలిచి ఉంది.

ఇంత అనుబంధం ఉన్నా, ఇవేవీ యంత్రపు గిన్నెలో వేయదగినవి కావు. కారణాలు స్పష్టం. ఆకుముక్కలు పలకల నడుమ చిక్కుకుంటాయి, వేడి పలకకు అంటుకొని మాడతాయి. పసుపు నీటిని నురగ కట్టించి పొంగిస్తుంది. బామ్ కరిగి జిడ్డు పొరగా పేరుకొంటుంది. నీలగిరి తైలం వంటి ఘాటు నూనెలు కొన్ని రకాల ప్లాస్టిక్కును మెత్తబరచి పగుళ్ళు తెస్తాయి. పగిలిన గిన్నె నుండి ఉడుకు నీరు ఒళ్ళోకి కారుతుంది. పూత మందుగా తయారైన బామ్‌ను మరిగించి పీల్చితే అందులోని కర్పూరం, మెంథాల్ ఘాటు కంటినీ, గొంతునూ మంట పుట్టిస్తుంది.

మరి మూలికల వాసన కావాలనుకునేవారు ఏం చేయాలి? కొన్ని యంత్రాలకు మూతి దగ్గర చిల్లుల గిన్నె ఉంటుంది. నలిపిన వావిలాకునో, తులసి ఆకునో పలుచని గుడ్డలో చుట్టి అందులో ఉంచవచ్చు. తైలమైతే దూదిపై ఒకటి రెండు చుక్కలు చాలు. అటువంటి గిన్నె లేని యంత్రంలో మంచినీటి ఆవిరి తప్ప మరొకటి వద్దు. ముక్కుకు మేలు చేసేది ప్రధానంగా ఆ తడి వెచ్చదనమే.

ఆవిరి పట్టే క్రమం

యంత్రాన్ని గట్టి బల్లపై, గోడ ప్లగ్గుకు దగ్గరగా ఉంచాలి. మంచం మీద, ఒళ్ళో, ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టరాదు. వైరు నడిచే దారికి అడ్డంగా వేలాడరాదు. ఎక్స్‌టెన్షన్ పెట్టెలో నాలుగు ప్లగ్గుల నడుమ దీనిని జొనపరాదు.

ముందు నీరు పోయాలి, తరువాత మూత బిగించాలి, ఆ తరువాతనే తడి లేని చేతితో ప్లగ్గు పెట్టాలి. ఆపేటప్పుడు ఇదే వరుస తిరగేయాలి. స్విచ్చి ఆపి, ప్లగ్గు ఊడదీసి, పదిహేను నిమిషాలు చల్లారనిచ్చి, ఆ పిదపే మూత తీయాలి.

ఆవిరి నిలకడగా వచ్చిన తరువాత ముఖాన్ని అడుగు దూరంలో ఉంచి, కళ్ళు మూసుకొని, ముక్కుతో నెమ్మదిగా పీల్చాలి. మొదట చేతిని అడ్డుపెట్టి వేడి ఓర్చుకోదగినదేనా అని చూడడం మంచిది. అయిదు నుండి పది నిమిషాలు, రోజుకు రెండు పూటలు చాలు. కుండ ఆవిరికి దుప్పటి కప్పుకొన్నట్లు యంత్రానికి కప్పనక్కరలేదు. దుప్పటి కింద వైరు కాలికి తగులుకొని యంత్రం బోర్లపడడమే ప్రమాదాలకు మూలం. తల తిరిగినా, ఆయాసం తోచినా వెంటనే ఆపాలి. ఉబ్బసం ఉన్నవారిలో కొందరికి ఘాటు వాసనలు, వేడి ఆవిరి ఆయాసాన్ని పెంచుతాయి. వైద్యుడు ఇచ్చిన ఇన్‌హేలర్‌కు ఆవిరి ప్రత్యామ్నాయం కాదు.

పసిపిల్లల విషయంలో

తల్లులు, అవ్వలు ప్రత్యేకంగా గమనించవలసిన భాగమిది. ఆవిరి వలన కలిగే కాలిన గాయాలకు ఎక్కువగా గురయ్యేది పిల్లలే. కోవిడ్ తొలి రోజులలో, 2020 ఏప్రిల్‌లో, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ బాలల ఆసుపత్రికి ఆవిరి పట్టబోయి కాలిన పిల్లల రాక దాదాపు 30 రెట్లు పెరిగిందని అక్కడి వైద్యులు లాన్సెట్ పత్రికలో హెచ్చరించారు. జలుబు తగ్గించబోయి చర్మం మార్పిడి చేయవలసిన స్థితి ఏ బిడ్డకూ రాకూడదు.

చిన్నపిల్లలకు యంత్రం ద్వారా నేరుగా ఆవిరి పట్టించకపోవడమే ఉత్తమం. బిడ్డ కదలకుండా కూర్చోదు, వేడి ఎంతో చెప్పలేదు, చేయి చాచి యంత్రాన్ని లాగుతుంది. ముక్కు దిబ్బడ వేసి పాలు తాగలేని శిశువుకు వైద్యుని సలహాతో ఉప్పునీటి ముక్కు చుక్కలు వేయడం మేలు. కాస్త పెద్ద పిల్లలకైనా పక్కన పెద్దవారు కూర్చొని ఉండాలి, యంత్రం పెద్దవారి చేతికి మాత్రమే అందాలి.

రెండేళ్ళలోపు బిడ్డలకు కర్పూరం, మెంథాల్, నీలగిరి తైలం ఏ రూపంలోనూ ముక్కు దగ్గరికి తేరాదు. వాటి ఘాటుకు పసివారి శ్వాస చిక్కబట్టే ప్రమాదం ఉంది. ఈ తైలాలు, ఆవిరి గుళికలు పిల్లల కడుపులోకి వెళ్తే విషమే. ఒక చెంచాడు నీలగిరి తైలం మింగినా మగత, వాంతులు, మూర్ఛలు రావచ్చు. అందువల్ల యంత్రం పక్కనే సీసా ఉంచే అలవాటు మానుకోవాలి. పొరపాటున బిడ్డ మింగితే బలవంతంగా వాంతి చేయించరాదు, ఆ సీసాను వెంట తీసుకొని తక్షణం ఆసుపత్రికి వెళ్ళాలి.

శుభ్రతే ఆయుష్షు

వాడిన ప్రతిసారీ మిగిలిన నీరు పారబోసి, గిన్నెను మంచినీటితో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, మూత తెరిచి నీడలో ఆరబెట్టాలి. రాత్రి నిలిచిన నీటినే ఉదయం మళ్ళీ మరిగించడం చాలా ఇళ్ళలో కనిపించే దురలవాటు. ఆవిరై పోయేది నీరు మాత్రమే, లవణాలు గిన్నెలోనే మిగులుతాయి. పైన కొత్త నీరు పోసిన కొద్దీ ఆ గాఢత పెరిగి, పలకల రకం యంత్రం రోజురోజుకూ ఎక్కువ చిమ్ముతుంది. పైగా ఈశాన్య రుతుపవనాల తేమలో మూసిపెట్టిన గిన్నెలో బూజు పట్టడం సహజం.

బోరు నీరు వాడే ఇళ్ళలో కొన్నాళ్ళకు అడుగున తెల్లని గార పేరుకొంటుంది. అది సున్నపు జాతి పదార్థం. వేడిని నీటికి చేరనీయదు, పలకలను కప్పివేస్తుంది. కత్తితో, పీచుతో గీకితే గార పోవడం మాట అటుంచి పలకకు గీతలు పడతాయి. వెనిగర్, నీరు సమపాళ్ళలో కలిపి, లేదా ఒక చెంచా నిమ్మ ఉప్పు గ్లాసెడు నీటిలో కరిగించి గార మునిగేవరకు పోసి అరగంట ఉంచాలి. చిన్న బుడగలు లేవడం గార కరుగుతున్నదనడానికి గుర్తు. తరువాత పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్ది, మూడుసార్లు కడగాలి. ఈ పని అంతా ప్లగ్గు ఊడదీసి ఉండగానే జరగాలి. చివరకు మంచినీటితో ఒకసారి నడిపి, ఆ ఆవిరిని ఎవరూ పీల్చకుండా వదిలివేయాలి. పుల్లని ద్రావకం ఉండగా యంత్రాన్ని నడపరాదు.

వైరు దిగే భాగాన్ని నీటిలో ముంచరాదు, కుళాయి కింద పెట్టరాదు. వైరును వేడి యంత్రం చుట్టూ బిగించి చుట్టరాదు. నెలకొకసారి వైరు చిట్లిందా, ప్లగ్గు కాళ్ళు నల్లబడ్డాయా, గిన్నెకు పగులు పట్టిందా, మూత మర బిగుతుగా ఉందా అని పరిశీలించాలి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా యంత్రాన్ని పక్కన పెట్టాలి. టేపు చుట్టి వాడుకోవడం పొదుపు కాదు. మూడు నాలుగు వందల రూపాయల వస్తువు కోసం ప్రాణం పణం పెట్టనక్కరలేదు.

కొనేటప్పుడు చూడవలసినవి

ఐఎస్ఐ గుర్తు, వాట్లు, వోల్టులు తెలిపే చీటీ, తయారీదారు చిరునామా, బిల్లు ఉన్న వస్తువునే తీసుకోవాలి. మూడు కాళ్ళ ప్లగ్గు, నీరు ఇంకగానే ఆగే ఏర్పాటు, వెడల్పైన అడుగుభాగం, మూతి తిప్పినా ఊడిరాని మూత ఉన్నది మేలు. మూడు కాళ్ళ ప్లగ్గు ఉన్నంత మాత్రాన చాలదు, ఇంట్లో ఎర్తు సక్రమంగా ఉండాలి. మెయిన్ బోర్డులో లీకేజీ కరెంటును పసిగట్టి తెగిపోయే స్విచ్చి పెట్టించుకోవడం ఈ ఒక్క యంత్రానికే కాదు, ఇంటి మొత్తానికీ రక్ష. చెన్నైలో కొన్నది పాడైతే మార్పిడి కోసం మళ్ళీ బస్సెక్కవలసి ఉంటుంది కనుక దుకాణంలోనే నీరు పోయించి నడిపి చూడడం తెలివైన పని.

ఆవిరి చేసే మేలెంత?

ఆవిరి పట్టినప్పుడు హాయిగా ఉంటుందన్నది అనుభవం. ముక్కులో గట్టిపడిన చీమిడి మెత్తబడి బయటికి వస్తుంది, కాసేపు శ్వాస సులువవుతుంది. అంతకుమించి ఆశించరాదు. పడిసేనికి వెచ్చని తేమగాలి వల్ల రోగకాలం తగ్గుతుందా అని పరిశీలించిన కాక్రేన్ సమీక్ష 2017లో స్పష్టమైన ప్రయోజనం రుజువు కాలేదని తేల్చింది. ఆవిరి వైరస్‌ను చంపదు.

2021 మే నెలలో, కోవిడ్ రెండవ కెరటం వేళ, తమిళనాట కొన్ని బహిరంగ స్థలాలలో ప్రెషర్ కుక్కర్లకు గొట్టాలు తగిలించి మూలికల ఆవిరి పట్టించారు. ఒకరి వెంట ఒకరు అదే గొట్టం దగ్గర మాస్కు తీసి నిలబడడం వల్ల వ్యాధి వ్యాపిస్తుందని, బహిరంగంగా ఆవిరి పట్టడం మానాలని ఆ రాష్ట్ర ఆరోగ్య మంత్రిగా ఉన్న మా. సుబ్రమణియన్ అప్పట్లో విజ్ఞప్తి చేశారు. ఇంటిలోనూ ఇదే నీతి వర్తిస్తుంది. జ్వరంతో ఉన్నవారు వాడిన యంత్రపు మూతిని సబ్బునీటితో కడిగి ఆరబెట్టిన తరువాతే మరొకరు వాడాలి.

జ్వరం మూడు రోజులు దాటినా, ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి తోచినా, బిడ్డ డొక్కలు ఎగరేస్తున్నా, పాలు మానినా ఆవిరి పడుతూ కూర్చోరాదు. వెంటనే వైద్యుని వద్దకు వెళ్ళాలి. మూలికా చికిత్సపై నమ్మకం ఉన్నవారు తాంబరం శానటోరియంలో 2005లో ప్రారంభమైన జాతీయ సిద్ధ వైద్య సంస్థ వంటి చోట అర్హులైన వైద్యులను సంప్రదించవచ్చు. దుకాణదారు మాట, పక్కింటివారి మాట వైద్యసలహా కాదు.

ప్రమాదం జరిగితే

ఉడుకు నీరు పడితే మొదటి పని కాలిన చోటును కుళాయి నీటి ధార కింద ఇరవై నిమిషాలు ఉంచడం. కుళాయి లేకపోతే చెంబుతో చల్లని నీరు పోస్తూ ఉండాలి. మంచుగడ్డ పెట్టరాదు. ఉంగరాలు, గాజులు, మొలతాడు వాపు రాకముందే తీసివేయాలి. చర్మానికి అంటుకున్న బట్టను లాగరాదు. టూత్‌పేస్టు, సిరా, నెయ్యి, పిండి, పసుపు పూయరాదు. అవి వేడిని లోపలే నిలిపి, గాయాన్ని చీము పట్టిస్తాయి. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ముఖం, కళ్ళు, చేతులు, మర్మావయవాలు కాలినా, పసిబిడ్డ ఎంత కాలినా చిన్న గాయమని ఉపేక్షించరాదు. చెన్నైలో కీల్పాక్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో కాలిన గాయాలకు ప్రత్యేక విభాగం ఉంది. సరిహద్దుకు ఇటైనా అటైనా 108కి ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది.

కరెంటు కొట్టినవారిని చేతితో పట్టుకొని లాగరాదు. ముందు మెయిన్ ఆపాలి. అది అందకపోతే పొడి కర్రతో వైరును దూరంగా నెట్టాలి. కరెంటు కొట్టినవారు లేచి మామూలుగా నడిచినా ఒకసారి వైద్యునికి చూపడం అవసరం.

యంత్రం వచ్చినంత మాత్రాన అవ్వల జాగ్రత్త పాతబడలేదు. ఆనాడు ఆవిరి కుండ దించేముందు పిల్లలను దూరంగా పొమ్మని కేకవేసేవారు. నేడు ప్లగ్గు పెట్టేముందు ఆ కేకే వేయాలి. టీ గ్లాసెడు మంచినీరు, అడుగు దూరం, పది నిమిషాలు, ఊడదీసిన ప్లగ్గు, కడిగి ఆరబెట్టిన గిన్నె. ఈ అయిదింటినీ ఇంటిలో అందరూ గుర్తుంచుకుంటే ధనుర్మాసపు పడిసెం వచ్చినదారినే పోతుంది, ఆ చిన్న యంత్రమూ పది కాలాలపాటు ఇంటికి అక్కరకు వస్తుంది.